ఆ చేతికి పరికరం అందాలి

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి, పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, ఆర్టీసీ జిల్లా అధికారులకు, నా తోటి సైన్సు ఉపాధ్యాయులకు, ఆడపిల్లల తల్లిదండ్రులకు

నమస్కారం.

ఏటా పదో తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మర్నాడు ఏ పత్రిక తెరిచినా ఒకే శీర్షిక కనిపిస్తుంది: ‘బాలికలదే పైచేయి’. ఆ పక్కనే అమ్మానాన్నలు మిఠాయి తినిపిస్తుండగా సిగ్గుపడుతూ నవ్వే ఆడపిల్ల ఫొటో ఉంటుంది. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఈ జిల్లాలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్సు బోధించి పదవీ విరమణ చేసిన నేను ఆ ఫొటోలు చూసి ఎన్నోసార్లు పొంగిపోయాను. వాటిలో కొన్ని నా దగ్గర చదువుకున్న పిల్లలవే. అయితే ఫొటోలో నవ్విన ఆ పిల్ల జూన్‌లో ఏ కళాశాలలో చేరింది, ఏ గ్రూపు తీసుకుంది, రెండేళ్ల తర్వాత ఏమైంది అని ఆరా తీసినప్పుడు చాలాసార్లు నాకు సమాధానం చెప్పినవారు తలదించుకుని చెప్పారు.

మన ఆడపిల్లలకు సైన్సు మీద ఆసక్తి లేదని, లెక్కలంటే భయమని, సాంకేతిక రంగం వారికి సరిపడదని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. తరగతి గదిలో ఇన్నేళ్లు గడిపిన మనిషిగా నేను ఆ మాటను ఒప్పుకోను. ఆసక్తి ఉంది, తెలివి ఉంది, పట్టుదల అంతకంటే ఎక్కువగా ఉంది. అవి రెండు చోట్ల జారిపోతున్నాయి. మొదటిది ప్రయోగశాలలో బల్ల దగ్గర. రెండోది పదో తరగతి ఫలితాలకూ ఇంటర్ ప్రవేశాలకూ నడుమ ఉన్న ఆ కొద్ది వారాల్లో. పైచేయి అన్న మాట మార్కుల జాబితా దాటి ముందుకు రావడం లేదు, ఎందుకంటే ఆ చేతికి పరికరం అందడం లేదు, ఆ చేతిని పట్టుకుని కళాశాల గడప దాకా తీసుకువెళ్లేవారు లేరు. ఈ రెండూ పెద్ద పెద్ద పథకాలు కావలసిన విషయాలు కావు కనుకనే, మన చేతుల్లో ఉన్నవి కనుకనే, ఈ లేఖ రాస్తున్నాను.

నా విద్యార్థిని ఒకామె గురించి చెబుతాను. పేరు రాయను. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకనాడు మధ్యాహ్న భోజనం గంటలో స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, “టీచర్, అరసవల్లి దేవుడి పాదాల మీద ఎండ మార్చిలో ఒకపాలి, అక్టోబర్లో ఒకపాలి పడతాదంట కదండీ. ఏడాదిలో పన్నెండు నెల్లుండగా ఆ రెండు నెల్లే ఎందుకండి?” అని అడిగింది. జిల్లాలో పుట్టి పెరిగిన ప్రతివారికీ తెలిసిన విషయమే అది. మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు ఆలయంలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మనం దర్శనానికి వెళ్తాం, దణ్ణం పెట్టుకుంటాం, వచ్చేస్తాం. ఆ రెండు నెలలే ఎందుకని అడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా దిగంతం మీద ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుందని, అందువల్ల నడుమనున్న ఏ చోటునైనా ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగి వస్తూ ఒకసారి దాటుతుందని చెప్పాను. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 21కి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి సుమారు పది రోజుల తర్వాత సూర్యుడు నడితూర్పుకు కొంచెం దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. మార్చి, అక్టోబరు కలిసేది అక్కడే. ఆ పిల్ల విన్నది గాని, విన్నంత మాత్రాన ఊరుకోలేదు. మీటరు పొడవున కోసిన సరుగుడు కర్ర తెచ్చింది. తండ్రి తాపీమేస్త్రి. గోడ నిలువు చూసుకోవడానికి ఆయన వాడే దారపు గుండును అడిగి తెచ్చి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూసి, బడి ఆవరణలో పాతింది. మార్చి 10న పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకొకసారి నీడ కొసన గులకరాయి పెట్టుకుంటూ పోయింది. అన్నిటికంటే పొట్టి నీడ 41 సెంటీమీటర్లు వచ్చింది.

అక్టోబరు 1 నాటికి ఆమె పదో తరగతి. దసరా సెలవులు. ఇంటి పెరట్లోనే మళ్లీ అదే కర్ర పాతి కొలిచింది. సెలవుల తర్వాత నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, “నీడ దగ్గర దగ్గరగానే వచ్చిందండి, నలభైకి కొంచెం తక్కువ. గాని టీచర్, మార్చిలో పొట్టి నీడ పన్నెండు దాటిన అయిదు నిమిషాలకి వచ్చింది, ఇప్పుడు పావు తక్కువ పన్నెండుకే వచ్చేసింది. గడియారం తప్పా, సూర్యుడు తప్పా?” అని అడిగింది. ఇరవై నిమిషాల తేడాను ఒక పల్లెటూరి పిల్ల కర్రతో, గులకరాళ్లతో పట్టుకుంది. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల, భూమి అక్షం వంగి ఉండడం వల్ల సూర్యుడి మధ్యాహ్నం మన గడియారపు మధ్యాహ్నంతో ఏడాదంతా ఒక్కలా కలవదన్న సంగతి నేను డిగ్రీలో చదివి మరచిపోయాను. ఆ రాత్రి పాత పుస్తకాలు దించి మళ్లీ చదువుకుని, మర్నాడు ఆమెకు చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో అంతటి మంచి ప్రశ్న మరొకటి రాలేదు.

ఆమెకు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. ఎంపీసీ చదవాలనుకుంది. మండల కేంద్రంలోని కళాశాలలో ఆ ఏడు ఎంపీసీకి లెక్కల అధ్యాపకుడు లేడు. ఉన్న కళాశాల పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో వదిలేసరికి నాలుగున్నర. వాళ్ల ఊరికి పల్లెవెలుగు బస్సు పావు తక్కువ నాలుగుకు ఒకటి, ఆ తర్వాత ఏడింటికి ఒకటి. నేను ఇంటికి వెళ్లి మాట్లాడినప్పుడు తండ్రి నాకు కుర్చీ వేసి, తాను అరుగు మీద కూర్చుని, “మేడం గారూ, గుంట సదువుకుంటాదంటే నాకంటే సంతోషించేవోడు ఎవులుంటారండి. సీకటి పడేదాకా ఆ రోడ్డు మీద రెండున్నర గంటలు ఎలా నిలబెడతాను సెప్పండి” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తలూపి వచ్చేశాను. ఆమె మండల కేంద్రంలోనే సీఈసీలో, అంటే సైన్సు లేని గ్రూపులో, చేరింది. కొన్నేళ్ల తర్వాత విశాఖపట్నంలో ఒక పెద్ద బట్టల దుకాణంలో కనబడింది. నన్ను గుర్తుపట్టి, చేతిలోని మీటరు కర్రతో నాకు జాకెట్టు గుడ్డ కొలిచి ఇచ్చింది. ఆ ఉద్యోగాన్ని నేను తక్కువ చేయను, దానితో ఆమె ఇల్లు నడుస్తోంది. కాని గడియారానికీ సూర్యుడికీ ఉన్న తేడాను పదిహేనేళ్ల వయసులో పట్టుకున్న మనిషి వెళ్లవలసిన దారి ఇది కాదని నాకు తెలుసు. ఆ దారిని మూసింది ఆమె తెలివి కాదు, పేదరికం కూడా కాదు. ఒక ఖాళీ పోస్టు, ఒక బస్సు వేళ. అంతే.

కలెక్టరు గారూ, ఆ రోజు తలూపి రావడం నా తప్పు. నేను అప్పుడే అర్జీ రాయవలసింది, డిపోకు వెళ్లవలసింది, మరో పదిమంది తల్లిదండ్రులను కూడగట్టవలసింది. ఆలస్యంగానైనా ఇప్పుడు ఆ పని చేస్తున్నాను.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. ఆడపిల్లల చదువుకు ఇది నిజమైన మేలు. కాని టిక్కెట్టు ఉచితమైతే సరిపోదు, బస్సు వేళకు రావాలి. కళాశాల ఎప్పుడు వదులుతుందో డిపోకు తెలియదు, బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో కళాశాల టైంటేబుల్ వేసేవారికి పట్టదు. జిల్లాలోని ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాల ప్రిన్సిపాలునూ, సంబంధిత డిపో మేనేజరునూ జూన్ మొదటి వారంలో ఒక్క పూట ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. ఏ ఊళ్ల నుంచి ఎంతమంది ఆడపిల్లలు వస్తున్నారో హాజరుపట్టీలోనే ఉంటుంది. ప్రాక్టికల్స్‌ను ఉదయపు గంటలకు మార్చడమో, నాలుగున్నర తర్వాత ఒక బస్సు వేయడమో, రెంటిలో ఏది సులువైతే అది చేయవచ్చు. కొత్తగా పైసా మంజూరు కానక్కరలేదు.

దూరమూ భయమూ తొలగించినా మన తల్లిదండ్రులు ఆడపిల్లలను సాంకేతిక విద్యకు పంపరన్న మాట అబద్ధమని రుజువు చేయడానికి ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ చాలు. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనపు వెసులుబాటు, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజనీరింగ్, ఆరేళ్లూ అక్కడే వసతి. ఎంపిక జాబితా వెలువడిన ప్రతిసారీ అందులో ఆడపిల్లల పేర్లు విరివిగా కనిపిస్తాయి. మా ఊరి నుంచి పొరుగూరికి పంపడానికి వెనకాడిన ఇళ్లవారే అక్కడికి పెట్టె సర్ది పంపారు. గేటు ఉంది, హాస్టలు ఉంది, రాత్రి బస్సు కోసం నిలబడే పని లేదు. అంటే అడ్డు పడింది సంప్రదాయం కాదు, ఏర్పాటు లేకపోవడం. ట్రిపుల్ ఐటీలో సీట్లు పరిమితం. అక్కడ సీటు రాని పిల్లకు వసతి ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలే తర్వాతి ఆసరా. తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాదుకో కూలికి వలస వెళ్లగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు, నాన్న వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లిన ఇళ్ల పిల్లలు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. అటువంటి పిల్లను దూరపు కళాశాలకు పంపే నిర్ణయం డెబ్బై ఏళ్ల ముసలమ్మ మీద పడుతుంది. ఆమె ఏం చేయగలదు? ఇంటర్మీడియట్ ఉన్న ప్రతి కస్తూర్బా విద్యాలయంలోనూ ఎంపీసీ ఉండేలా, దానికి లెక్కలు, భౌతికశాస్త్రం బోధించేవారు జూన్‌లోనే ఉండేలా చూడమని పాఠశాల విద్య, ఇంటర్ విద్య అధికారులను వేడుకుంటున్నాను. అధ్యాపకులు నవంబరులో వస్తే ఆ ఏడు పోయినట్టే. కళాశాలల్లో ప్రయోగశాల ఉన్న అంతస్తులోనే ఆడపిల్లలకు నీళ్లు వచ్చే మరుగుదొడ్డి ఉండాలని కూడా ఇక్కడే చెబుతున్నాను. నెలలో కొన్ని రోజులు ప్రాక్టికల్స్‌కు రాని పిల్లలు ఎందుకు రావడం లేదో అడిగిన మగ అధ్యాపకుడు లేడు, చెప్పగలిగిన పిల్లా లేదు.

ఇక బల్ల దగ్గరి విషయం. ఇది నా తోటి ఉపాధ్యాయులకు.

నేను బీఎస్సీ చదివిన రోజుల్లో మా బ్యాచిలో నలుగురం. ముగ్గురు అబ్బాయిలు, నేను. నా చేతిరాత బాగుండేది. “నువ్వు రికార్డు రాయి, మేము రీడింగులు చెబుతాం” అనేవారు. అందులో వారి దురుద్దేశమేమీ లేదు, అది నాకు గౌరవంగానే తోచేది. మూడేళ్లూ నేను పట్టికలు గీశాను, గ్రాఫులు గీశాను, ఎర్ర పెన్సిలుతో అడుగున గీత గీశాను. స్పెక్ట్రోమీటరును నా చేత్తో సరిచేసిన జ్ఞాపకం ఒక్కటీ లేదు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలినై, ఉపాధ్యాయురాలినై, పిల్లల ముందు నిలబడ్డాక పరికరాల బీరువా తాళం తీయడానికి నా చేతులు వణికాయి. చెడిపోతే ఎవరు బాగుచేస్తారన్న భయంతో మొదటి రెండేళ్లు ప్రయోగాలను బల్ల మీద కాకుండా నల్లబల్ల మీదే చేశాను.

ఆ తర్వాత కూడా అసలు సంగతి నా కంటపడడానికి చాలా కాలం పట్టింది. పాత పాఠ్యప్రణాళికలో పదో తరగతికి, సన్నని తీగ మందం కొలిచే స్క్రూగేజీ ఉండేది. ఒక మధ్యాహ్నం గది వెనక కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, ఎవరి చేయి ఎక్కడ ఉందో మాత్రమే చూశాను. నలుగురికి ఒక పరికరం. నలభై నిమిషాల్లో దాదాపు ప్రతి బల్ల దగ్గరా స్క్రూ తిప్పింది అబ్బాయిలు. “పిచ్ స్కేలు రెండు, తల స్కేలు ముప్పై ఏడు, రాసుకో” అంటున్నారు, అమ్మాయిలు రాసుకుంటున్నారు. గంట కొట్టాక రికార్డు అందరికంటే అందంగా ఉన్న పిల్లను పిలిచి తీగ మందం కొలవమన్నాను. పరికరాన్ని అది పగిలిపోయే వస్తువేమో అన్నట్టు వేళ్ల కొసలతో పట్టుకుంది. కొసనున్న రాచెట్ తిప్పాలని, తీగ సరిగ్గా బిగిసినప్పుడు అది టిక్కుటిక్కుమంటుందని ఆమెకు తెలియదు, ఎందుకంటే ఆ చప్పుడు ఆమె వేళ్లకు ఎన్నడూ తగలలేదు. రికార్డుకు నేనే ఆమెకు పూర్తి మార్కులు వేశాను.

మరునాటి నుంచి ఒకటే నియమం పెట్టాను: పరికరం ముందుగా ఆడపిల్లల చేతికి, కలం మగపిల్లల చేతికి, సగం గంట తర్వాత మార్పిడి. మొదటి వారం ఆడపిల్లలే ఇష్టపడలేదు. విరిగితే తిడతారని భయపడ్డారు. తిట్టనని చెప్పడం సరిపోలేదు, నిజంగానే ఒక గాజు పరికరం పగిలినప్పుడు తిట్టకుండా ఉండవలసి వచ్చింది. నెల తిరిగేసరికి నా వంతంటే నా వంతని బల్లల దగ్గర ఆడపిల్లలు గొడవపడసాగారు. నా తరగతిలో నేను విన్న గొడవలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది అదే.

ఇది స్క్రూగేజీతో పోయే విషయం కాదు. కంప్యూటరు గదిలో ఒక యంత్రానికి ముగ్గురు కూర్చున్నప్పుడు మౌస్ ఎవరి చేతిలో ఉందో ఒక్కసారి గమనించండి. మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ సైన్సు గ్రూపుల్లో ప్రాక్టికల్స్‌కు సబ్జెక్టుకు 30 మార్కులు. ఆ మార్కులు ఉదారంగా వేసి పంపడం పిల్లలకు మేలు అనుకుంటున్నాం. పరికరం ముట్టని చేతికి పూర్తి మార్కులు వేయడం మేలు కాదు, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో కాదు, ఎందుకంటే మగపిల్లవాడు ఇంట్లో ఫ్యాను విప్పుతాడు, మోటారు బిగిస్తాడు, బండి బాగుచేసే షెడ్డులో నిలబడతాడు. ఆమెకు పరికరం ముట్టుకునే చోటు బడి తప్ప మరొకటి లేదు. ఇన్‌స్పైర్ మానక్ పోటీకి, అంటే బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం నిర్వహించే పోటీకి, ఒక్కో పాఠశాల నుంచి అయిదు ఆలోచనల వరకు పంపవచ్చు, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. ఆ అయిదింటిలో ఆడపిల్లల పేర్లు ఎన్ని పంపుతున్నాం? ఎంపికైతే ప్రదర్శనకు దూరం తీసుకెళ్లాలి, వెంట ఒక టీచరమ్మ ఉండాలి, ఎవరికి ఆ తలనొప్పి అన్న మాట స్టాఫ్ రూములో నేనే విన్నాను. పిల్లలు తమ చేతులతో నమూనాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న పాఠశాలల్లో, అంటే కేంద్రం 20 లక్షల రూపాయల దాకా సాయమిచ్చిన చోట, త్రీడీ ప్రింటరు మీద ముసుగు తీయని బళ్లు లేకుండా చూడండి. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల బీరువాలో కాకుండా తొమ్మిదో తరగతి ఆడపిల్లల బాధ్యతలో పెట్టి చూడండి.

పరికరం చేతికందిన ఆడవాళ్లు ఏం చేశారో మన పిల్లలకు చెప్పే తీరిక కూడా మనం చేసుకోవాలి. అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచు. 1919లో చెన్నపట్నంలో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకున్నారు, అప్పటికి ఒడిలో నాలుగు నెలల పాప. ఆ కాలంలో అటువంటి అమ్మాయి బతుకు ఎలా ఉండేదో పెద్దవారికి చెప్పనక్కరలేదు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యులు. ఆయన అండతో అదే కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1940లలో దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. అచ్చువేసిన పట్టాలో ‘అతడు’ అని ఉన్నచోట కొట్టివేసి ‘ఆమె’ అని రాయవలసి వచ్చిందట. తర్వాత భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పనిచేశారు. కూతుర్ని సాకుకుంటూనే ఇదంతా చేశారు. తండ్రులారా, ఆ కథలో నాకు అందరికంటే ముందు కనబడేది ఆ తండ్రే.

అన్నా మణి 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టారు. సి.వి. రామన్ గారి ప్రయోగశాలలో పరిశోధించారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె వాతావరణ శాఖలో చేరి, విదేశాల నుంచి తెప్పించుకుంటున్న వాతావరణ పరికరాలను మన దేశంలోనే తయారు చేయించారు. దాదాపు వంద పరికరాలకు నమూనా చిత్రాలను ప్రామాణీకరించారు. ఈ పేరు మన జిల్లా పిల్లలకు తెలియవలసిన అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే గాలివేగం, వర్షపాతం, పీడనం కొలిచే సాధనాల విలువ మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపానులు వచ్చాయి. తిత్లీ దెబ్బకు జిల్లా ఉత్తర తీరంలోని ఉద్దానంలో తరతరాలుగా నిలిచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకూలాయి. తోటలను ఆపలేకపోయినా, ముందస్తు హెచ్చరిక ఎందరి ప్రాణాలనో కాపాడింది. ఆ హెచ్చరిక వెనక ఉన్నది కొలిచే చేతులు.

అదే ఉద్దానంలో మరో కొలత మన కోసం ఎదురుచూస్తోంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు కుటుంబాలను తినేస్తోంది. నీటిలోని లోహాలా, సిలికానా, ఎండలో కూలిపని చేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడమా, పురుగుమందులా అని ఎన్నో పరిశోధనలు జరిగాయి గాని, కారణం ఇదీ అని శాస్త్రం ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, వంశధార నీళ్లు గొట్టాల ద్వారా పల్లెలకు చేరాయి. సంతోషం. అయితే నాకు మరో కోరిక ఉంది. ఆ పరిశోధన కేంద్రంలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న శాస్త్రవేత్త కవిటి నుంచో మందస నుంచో వచ్చిన ఆడపిల్ల కావాలి. తల్లికి డయాలసిస్ రోజున తోడు వెళ్లిన పిల్ల, ఏ బావి నీరు ఏ రుచో నాలుక మీద తెలిసిన పిల్ల, జీడిపిక్కల ఫ్యాక్టరీలో వేళ్లు కాలిన అమ్మ చేతి అన్నం తిన్న పిల్ల అడిగే ప్రశ్న, ఢిల్లీ నుంచి వారం రోజులకు వచ్చి నమూనాలు తీసుకువెళ్లే పెద్దలు అడిగే ప్రశ్న ఒకటి కావు.

సాంకేతిక రంగం అనగానే అందరికీ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గుర్తుకు వస్తోంది. అది మంచిదే. కాని మన జిల్లాలోనే పైడిభీమవరం పారిశ్రామికవాడలో మందుల కర్మాగారాలు ఉన్నాయి, వాటికి నాణ్యతా పరీక్షల ప్రయోగశాలలు ఉన్నాయి. కెమిస్ట్రీ చదివిన ఆడపిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. ఏడాదికి రెండుసార్లు, చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల తొమ్మిదో తరగతి ఆడపిల్లలను, వారి తల్లులను కూడా, ఆ ప్రయోగశాలల లోపలికి తీసుకువెళ్లి చూపించమని యాజమాన్యాలను మీరు కోరితే కాదనరు. తల్లి కళ్లతో చూస్తే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

చివరగా తల్లిదండ్రులతో నాలుగు మాటలు. అమ్మా, నాన్నా, మీ భయాన్ని నేను చిన్నచూపు చూడను. పిల్ల చీకట్లో ఒంటరిగా రావాలన్నా, మనకు తెలియని చోట ఉండాలన్నా గుండె గుబగుబలాడుతుంది, నాకూ ఆడపిల్లలున్నారు. కాని ఆ భయానికి మందు పిల్లను ఆపడం కాదు, బస్సు అడగడం, హాస్టలు అడగడం, నలుగురు ఆడపిల్లలను ఒకే కళాశాలలో కలిపి చేర్చడం. ‘అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి దగ్గరలో ఏది ఉంటే అది’ అన్న లెక్కను ఈ వేసవిలో ఒక్కసారి ఆపి ఆలోచించండి. అన్నయ్యకు ఫోను కొన్నప్పుడు చెల్లెలికి గంటసేపైనా అది దక్కేలా చూడండి, పాఠాలు అందులోనే ఉన్నాయి. ఖర్చు విషయంలో చాలామందికి తెలియని సంగతులున్నాయి. మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు ఆడపిల్లలవే. ఐఐటీల్లో 2018 నుంచి ఆడపిల్లలకు అదనపు సీట్లు కేటాయిస్తున్నారు. దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వారి ప్రగతి పథకం కింద, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల రూపాయలు మించని ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల దాకా, ఇంజనీరింగ్‌కో పాలిటెక్నిక్‌కో ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయల ఉపకారవేతనం ఉంది. శ్రీకాకుళంలో ఆడపిల్లల కోసమే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఎనిమిదో తరగతిలో కేంద్ర ఉపకారవేతనం కోసం పెట్టే ఎన్ఎంఎంఎస్ పరీక్ష నెగ్గితే ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. వీటిలో దేనికీ సిఫార్సు అక్కరలేదు, గడువులోగా దరఖాస్తు పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం, పిల్ల పేరున బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసి పెట్టుకోండి, ఆధార్‌లో పేరు బడి రికార్డులోని పేరుతో అక్షరం తేడా లేకుండా సరిచేయించండి. ఆ ఒక్క అక్షరం వల్ల డబ్బు ఆగిపోయిన పిల్లలను నేను ఎరుగుదును.

కలెక్టరు గారూ, నా విన్నపం ఈ వేసవికే. పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుంచి ఇంటర్ ప్రవేశాలు ముగిసే దాకా, ప్రతి ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయులు ఒకరు, ఉత్తీర్ణురాలైన ప్రతి ఆడపిల్ల ఇంటికీ ఒక్కసారైనా వెళ్లేలా ఆదేశించండి. ఆమె ఏ గ్రూపు కోరుకుంటోంది, ఎక్కడ చేరుతోంది, కోరినది ఎందుకు కుదరడం లేదు అన్న మూడు విషయాలు ఒక కాగితం మీద రాయించండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు ఏ ఊరికి బస్సు వేయాలో, ఏ కళాశాలకు అధ్యాపకుణ్ణి పంపాలో చెబుతాయి. పదవీ విరమణ చేసిన నావంటి వాళ్లం మండలానికి కొందరం ఉన్నాం. ఈ పనికి మమ్మల్ని వాడుకోండి, దారిఖర్చులు కూడా అడగం.

ఆ నీడల నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తీసుకెళ్లమంటే, “మీ దగ్గరే ఉంచండి టీచర్” అంది. వచ్చే సోమవారం అర్జీల వేదికకు ఈ లేఖ ప్రతితో పాటు దాన్ని కూడా వెంట తెస్తాను. అయిదు నిమిషాలు సమయం ఇచ్చి, ఆ రెండు పుటలు చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఫిజికల్ సైన్సు ఉపాధ్యాయురాలు
శ్రీకాకుళం జిల్లా